మూత బిగించిన బకెట్టు

మా ఇంట్లో ఒక బకెట్టు గురించి మూడు నెలలపాటు ఎవరూ మాట్లాడలేదు. అరుపుల్లేవు, అలకల్లేవు. ఆ మాట్లాడకపోవడమే గొడవ. అత్తాకోడళ్ళ మధ్య ఇలాంటివి ఎలా ఉంటాయో మీకు విడమర్చి చెప్పక్కర్లేదు కదా!

మావయ్యగారు పోయి మూడేళ్ళు దాటింది. ఏడాదిపాటు ఊరు కదలనని పట్టుబట్టి, సంవత్సరీకాలు అయ్యాక అత్తయ్యగారు హైదరాబాదులో మా దగ్గరకి వచ్చారు. యానాం దగ్గర పల్లెటూరు మాది. నలభై ఏళ్ళకి పైగా పాడి, వరిచేను, కొబ్బరితోట చూసుకున్న మనిషి. నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో పొద్దున్నే లేచి, ఏం చెయ్యాలో తెలియక సోఫా అంచున కూర్చునేవారు. కూరలు తరుగుతాను, కత్తిపీట ఇమ్మంటే చాకూ, చెక్కా ఇచ్చాను. అదీ నా తెలివి.

తరిగిన తొక్కలు నల్ల కవర్లో కట్టి రోజూ తలుపు బయట పెడుతుంటే ఓ రోజు అడిగారు.

"ఇవన్నీ ఎక్కడికి పోతాయమ్మాయ్?"

"చెత్త బండి వస్తుందత్తయ్యగారూ."

"బండి ఎక్కడికి పోద్ది?"

నాకు తెలీదు. పద్దెనిమిదేళ్ళుగా రోజూ చెత్త కట్టి బయట పెడుతున్నాను, ఒక్కసారి కూడా నాకా ప్రశ్న రాలేదు.

ఊళ్ళో అయితే ఆ ప్రశ్నే ఉండదు. పశువులశాల వెనకాల పెంటపోగు ఉండేది. పేడ, కసవు, పొయ్యిలో బూడిద, గేదెలు తినగా మిగిలిన గడ్డి, కూరల తొక్కలు, అన్నీ అందులోకే. నేను కాపరానికి వెళ్ళిన కొత్తలో, చలికాలం పొద్దున్న ఎవరో పారతో ఆ పోగు కదిపితే ఆవిర్లు లేచాయి. లోపల నిప్పంటుకుందనుకుని కేక పెట్టాను. ఊరంతా వారంరోజులు నవ్వుకున్నారు. కంటికి కనబడని సూక్ష్మజీవులు లక్షలూ కోట్లూ చేరి తింటుంటే పుట్టే వేడి అది. పెద్ద పోగు మధ్యలో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. వేసవి వచ్చేసరికి అదంతా నల్లగా, పొడిపొడిగా మారిపోయేది. బళ్ళ మీద పొలానికి తోలేవారు.

పోగు తవ్వేటప్పుడు బొటనవేలంత లావున తెల్లటి పురుగులు వొళ్ళు వంకరగా చుట్టుకుని బయటపడేవి. అత్తయ్యగారు వాటిని ఒక్కొక్కటే ఏరి కోళ్ళకి వేసేవారు. కొమ్ముపురుగు పిల్లలవి. "పెంటలో ఉన్నన్నాళ్ళూ పెంటే తింటుంది. రెక్కలొచ్చాక కొబ్బరిచెట్టు మొవ్వు తొలిచేస్తుంది" అనేవారు. అదే పోగులో వానపాము కనబడితే మాత్రం పార తగలకుండా పక్కకి జరిపేవారు. ఏ పురుగు ఏం తింటుందో, ఎన్నాళ్ళు తింటుందో ఆవిడకి తెలుసు. మా ఫ్లాట్‌లో ఆ తెలివితో ఏం పని? గీజరు స్విచ్చి ఎక్కడుందో తెలియకపోవడమే అందరికీ కనబడేది.

ఆవిడే ఓ ఉపాయం చేశారు. రంగులు వేయించినప్పుడు మిగిలిన పెద్ద ప్లాస్టిక్ బకెట్టు ఒకటి ఉంటే, వెనక బాల్కనీలో పెట్టి తొక్కలు అందులో వెయ్యడం మొదలుపెట్టారు. నేను ఊరుకున్నాను. పోనీ, కాలక్షేపం అనుకున్నాను.

నెల తిరిగేసరికి వాసన మొదలైంది. ఊళ్ళో పెంటపోగు వాసన కాదు, కుళ్ళిన కోడిగుడ్డు కంపు. పక్క ఫ్లాట్ ఆవిడ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో 'ఎవరి బాల్కనీ నుంచో' అని పెట్టింది. ఎవరి బాల్కనీయో అందరికీ తెలుసు. ఆ రాత్రి టార్చి వేసి మూత తీశాను. లోపల బూడిదరంగు పురుగులు, చపటగా, లుకలుకలాడుతూ! నా ఒళ్ళు జలదరించింది.

కార్తీకమాసం. తెల్లారి అత్తయ్యగారు గుడికి వెళ్ళారు. ఆవిడ తిరిగొచ్చేలోపు చెత్త బండి అబ్బాయికి యాభై రూపాయలిచ్చి బకెట్టుతో సహా పంపించేశాను.

వచ్చి చూశారు. బాల్కనీలో గచ్చు మీద బకెట్టు పెట్టిన చోట గుండ్రటి మరక ఉంది. కాసేపు దాన్నే చూసి, చీపురు తెచ్చి, నీళ్ళు పోసి కడిగేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ రోజునుంచి ప్రతిదీ అడగడం మొదలుపెట్టారు. "ఈ కొత్తిమీర కాడలు ఎక్కడ పడెయ్యమంటావమ్మాయ్?" "ఈ టీపొడి ఏ డబ్బాలో వెయ్యాలి?" "ఈ అరిటితొక్క ఇక్కడ పెట్టొచ్చా?" చుట్టాలింటికి వచ్చినట్టు. నేను ప్రతిసారీ మామూలుగానే జవాబు చెప్పేదాన్ని. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ 'పెట్టొచ్చా' అన్న మాట చెవిలో తిరిగేది. మన ఇళ్ళల్లో కోడలు అత్తగారికి సారీ చెప్పే పద్ధతి ఒకటి ఉందంటారా? నాకైతే తెలీదు. ఆవిడకి ఇష్టమని పనసపొట్టు కూర చేశాను. తిన్నారు, బాగుందన్నారు. అంతే.

మాఘమాసంలో మావయ్యగారి తద్దినానికి ఊరు వెళ్ళాం. మా మరిది పశువుల్ని అమ్మేసి పొలం కౌలుకిచ్చాడు. అతన్ని తప్పు పట్టలేం, పాలేరు దొరకడు, ఉద్యోగం కాకినాడలో. పెంటపోగు ఉన్నచోట గొయ్యి ఎండిపోయి, అడుగున పాల ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు. అత్తయ్యగారు ఓ పుల్ల తీసుకుని ఆ ప్యాకెట్లు పక్కకి లాగి, కింద మట్టి కాస్త కెలికి చూశారు. ఏమీ కదల్లేదు. పుల్ల అక్కడే పడేసి లోపలికి వచ్చేశారు.

తద్దినం అయిన మర్నాడు మా మరిది కూతురు అందర్నీ కోరింగ మడ అడవికి బయల్దేరదీసింది. అది కాకినాడలో బీఎస్సీ జువాలజీ చదువుతోంది. చొల్లంగి దగ్గర అడవి మధ్యలోకి చెక్కల వంతెన వేశారు, మీలో చాలామంది చూసే ఉంటారు. గోదావరి నీళ్ళూ సముద్రపు ఆటుపోట్లూ కలిసే చోటు. కింద నల్లటి బురద, బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచిన వేళ్ళు.

నాలుగడుగులు వేశామో లేదో, "అబ్బ, ఏమిటే ఈ కంపు!" అన్నాను, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. అన్నాక గుర్తొచ్చింది. అదే వాసన. బకెట్టు వాసన. అత్తయ్యగారికీ గుర్తొచ్చిందని ఆవిడ మొహం చూస్తే తెలిసింది.

ఆ పిల్లకి ఇవేం తెలీవు కదా, హుషారుగా చెప్పుకుపోతోంది. "గుడ్డు కుళ్ళిన వాసన కదా పెద్దమ్మా? ఈ బురదకి పైపొర వదిలేస్తే లోపల ఆక్సిజన్ ఉండదు. గాలి ఉన్నచోట ఆకుల్నీ పుల్లల్నీ తినే బ్యాక్టీరియా వేరు, గాలి లేనిచోట తినేవి వేరు. వీటి పని నెమ్మది. పైగా సముద్రపు నీళ్ళలో ఉండే సల్ఫేట్ వాడుకుని ఈ వాసన వదులుతాయి. చెట్లకీ కిందనుంచి గాలందదు, అందుకే వేళ్ళు ఇలా పైకి తీసి ఊపిరి పీల్చుకుంటాయి."

"మరి రాలిన ఆకులేమవుతాయే?" అడిగారు అత్తయ్యగారు.

"అదిగో, చూడు నాన్నమ్మా."

వంతెన కింద ఒక పీత, అరచేతిలో సగం లేదు, పండుటాకు ఒకటి డెక్కల్తో పట్టుకుని వెనక్కి వెనక్కి లాక్కుపోతోంది. కన్నం దగ్గర ఆకు అడ్డం పడింది. తిప్పింది, మళ్ళీ లాగింది, లోపలికి పోయింది. ఆటుపోటుకి ఆకులన్నీ సముద్రంలోకి కొట్టుకుపోకుండా అడవిలోనే కొంత ఆపేది ఈ పీతలేనట. తిని వదిలిన ముక్కల మీద సూక్ష్మజీవులు, వాటి మీద రొయ్యపిల్లలు, చేపపిల్లలు బతుకుతాయి. అవి తవ్విన కన్నాల్లోంచి బురద లోపలికి గాలి కూడా పోతుందట. ఇంకో రకం పీత, మగదానికి ఒక డెక్క తన ఒంటికి మించి ఉంటుంది, బురదే ఎత్తుకుని నోట్లో పెట్టుకుని, అందులో ఉన్న తిండి తీసుకుని, మిగతాది చిన్నచిన్న ఉండలు చేసి పక్కన పెడుతోంది. ఉండలు వరసగా, జంతికల పిండి ఉండలు చేసి పెట్టుకున్నట్టు.

అత్తయ్యగారు కటకటాలు పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత, పీతతోనే అంటున్నట్టు, మెల్లిగా అన్నారు.

"అయితే గాలాడకే అంత కంపు కొట్టిందన్నమాట. వాసనొస్తే నువ్వు ఇబ్బంది పడతావని మూత బిగించి, పైన ఇటుక కూడా పెట్టేదాన్ని."

నాకు నోట మాట రాలేదు. నాకోసమని బిగించిన మూతే వాసన తెచ్చింది. ఆ వాసన చూపించే నేను దాన్ని పారేశాను.

"ఆ బకెట్టు నేనే ఇచ్చేశానత్తయ్యగారూ. మీకు చెప్పకుండా."

"తెలుసమ్మాయ్. దానికేం కాళ్ళొచ్చాయా, నడిచిపోవడానికి?" అన్నారు. కాసేపాగి, "పురుగులు పట్టాక చూశావా, ముందే చూశావా?" అని అడిగారు.

"పట్టాకే."

"పట్టాయా! అయితే పని మొదలైందే" అన్నారు. ఆ మాటలో సంతోషం ఉందనిపించింది నాకు. అంతకంటే మేమిద్దరం ఏం మాట్లాడుకోలేదు.

తిరుగు ప్రయాణంలో రైల్లో పడుకుని మాటల గురించి ఆలోచించాను. డిగ్రీలో తెలుగు చదువుకున్నందుకు నాకు మిగిలిన అలవాటిది. మన భాషలో అన్నీ ఒకేలా పాడవ్వవు. పిండి పులుస్తుంది, ఆవకాయ ఊరుతుంది, నీళ్ళు మురుగుతాయి, గుడ్డ చివుకుతుంది, కూరగాయ కుళ్ళుతుంది. గడ్డిలో పెట్టిన మామిడికాయ మాగుతుంది. పెంటపోగుకీ రైతులు ఆ మాటే వాడతారు, 'బాగా మాగిన ఎరువు' అని. మురగడానికీ మాగడానికీ మధ్య ఉన్న తేడా, ఇంత వయసొచ్చాక ఒక పీత దగ్గర తెలిసింది.

హైదరాబాదు వచ్చిన వారానికి మూడు మట్టికుండలు కొన్నాను. ఈసారి పని ఇద్దరిదీ. చేద్దామనుకునేవాళ్ళకి చెప్తున్నాను, కష్టమేం కాదు. కుండకి చుట్టూ, అడుగునా చిల్లులు ఉండాలి. అడుగున ఎండుటాకులో, కొబ్బరిపీచో వెయ్యండి. ఆపైన ఒక వంతు తొక్కలకి రెండు వంతుల ఎండుటాకులు. తొక్కల్లో తడీ, నత్రజనీ ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం. రెండూ ఉంటేనే తినేవాటికి భోజనం సరిపడుతుంది, మన అన్నం పప్పూ లాగ. మూడు నాలుగు రోజులకోసారి కర్రతో కదపాలి. గుప్పెట్లో పిండితే చేతికి తడి తగలాలి, నీళ్ళు కారకూడదు. నూనె కూరలు, మాంసం మొదట్లో వద్దు. అత్తయ్యగారు ఓ గుప్పెడు పుల్లమజ్జిగ నీళ్ళలో కలిపి చల్లారు. వాసన వస్తే తడి ఎక్కువైనట్టు, ఇంకాసిని ఆకులు వెయ్యండి.

ఆకులు మా వాచ్‌మన్ భార్య తెచ్చిచ్చేది. వాళ్ళది పాలమూరు వైపు. మా కుండల్లో కొన్న వానపాములు వేద్దామా అని మేం మాట్లాడుకుంటుంటే నవ్వింది. "మా దిక్కు అంత తడి యాడుంటదమ్మా? ఎండుకట్టె, ఎండుగడ్డి అన్నీ చెదలే తింటయ్. వానలు పడంగనే పుట్టల మీద గొడుగులు లేస్తయ్, అవి తెచ్చి కూర వండుతం" అంది. నాకు ఒక్కసారిగా వెలిగింది. పుట్టగొడుగు అంటే పుట్ట మీద గొడుగని ఏళ్ళ తరబడి పలుకుతూ కూడా ఎందుకని ఆలోచించలేదు. చెదలు పుట్ట లోపల బూజు తోటలు పెంచుతాయి. ఎండిన కట్టెని అరిగించే పనిలో సగం ఆ బూజుదే. దాని పువ్వే వానకి పైకొచ్చే గొడుగు. నేల ఎండిపోయే చోట పుట్టలోపల తడి కాపాడుకుంటూ చెదలు చేసే పని, మా కోనసీమ తడినేలలో వానపాము చేస్తుంది. మన తలుపుచెక్కల జోలికి వస్తే తిట్టుకుంటాం గానీ, అడవిలో అది లేకపోతే ఎండుకట్టెలు పేరుకుపోతాయి.

ఆ బూడిదరంగు పురుగులు మళ్ళీ వచ్చాయి. ఈసారి కేక పెట్టలేదు, ఫొటో తీసి మా మరిది కూతురికి పంపాను. 'బ్లాక్ సోల్జర్ ఫ్లై' అనే ఈగ పిల్లలట. పెద్దయ్యాక నల్లగా సన్నటి కందిరీగలా ఉంటుంది గానీ కుట్టదు, కరవదు, మన అన్నం మీద వాలే రకం కాదు. తొక్కల్ని వానపాముకంటే వేగంగా తినేస్తుంది. తిండి చాలనుకున్నాక వాటంతటవే కుండలోంచి పాక్కుంటూ పొడిచోటు వెతుక్కుని వెళ్ళిపోతాయి. ఒకటి వెతుక్కున్న పొడిచోటు మావారి ఆఫీసు బూటు. ఆ పొద్దున్న ఇంట్లో జరిగింది మీ ఊహకే వదిలేస్తున్నాను. అత్తయ్యగారు అంత గట్టిగా నవ్వడం మావయ్యగారు పోయాక అదే మొదటిసారి వినడం.

మావారికి ఓ కథ చెప్పి ఊరుకోబెట్టాను. డార్విన్ తన చివరి పుస్తకం వానపాముల మీద రాశాడు, 1881లో, చనిపోవడానికి ముందు ఏడాది. వానపాములు ఆకుల్ని కన్నంలోకి ఎలా లాగుతాయో రాత్రుళ్ళు కూర్చుని చూసేవాడు, అచ్చం మా కోరింగ పీతని చూసినట్టు. చాలాచోట్ల ఎకరానికి ఏటా పది టన్నులకి పైగా మట్టి వాటి పొట్టల్లోంచి వెళ్ళి బయటికి వస్తుందని లెక్క కట్టాడు. వాటిని కుండీల్లో ఇంట్లోనే పెట్టుకున్నాడు. వాటికి వినబడుతుందో లేదో చూడ్డానికి భార్య ఎమ్మా పియానో వాయించింది, కొడుకు బసూన్ వాయించాడు. వినబడలేదు గానీ, కుండీ పియానో మీద పెడితే ఆ అదురుకి కన్నాల్లో దూరిపోయాయట. "ఆ మహాఇల్లాలు పురుగులకి పాట వినిపించింది. మీరు ఒక్కరోజు చెప్పుల్తో ఆఫీసుకి వెళ్ళలేరా?" అన్నాను. వెళ్ళారు.

ఏప్రిల్‌లో మా పెద్దాడు సియాటిల్ నుంచి వీడియో కాల్ చేశాడు. స్నేహితులతో ఒలింపిక్ నేషనల్ పార్కుకి వెళ్ళాడు. అక్కడ 'హో' అనే అడవిలో ఏడాదికి సుమారు 140 అంగుళాల వాన. ఏది చూసినా నాచు. వాడు ఫోను తిప్పి పడిపోయిన చెట్టు ఒకటి చూపించాడు, మనిషి ఎత్తు లావుంది. దాని మీద చిన్నచిన్న మొక్కలు వరసగా, బడిపిల్లలు బల్లమీద కూర్చున్నట్టు. కింద నేలంతా నాచూ ఫెర్న్ మొక్కలూ కమ్మేసి విత్తనానికి చోటు దొరకదు. పడిపోయిన మొద్దు మీద పడ్డవే బతుకుతాయి. చలిప్రదేశం, మొద్దు చివకడానికి వందల ఏళ్ళు పడుతుంది.

"అంత కలపని ఎవరూ కోసుకుపోరా?" అడిగారు అత్తయ్యగారు.

"కోయకూడదు నాన్నమ్మా. దాన్ని నర్స్ లాగ్ అంటారు. ఇంకోటి చూడు." ఈసారి ఒక మహావృక్షం. దాని వేళ్ళు కాళ్ళలా నిలబడి ఉన్నాయి, మధ్యలో ఖాళీ. "ఇక్కడ మొద్దుండేది. దాని చుట్టూ వేళ్ళు దించి ఈ చెట్టు పెరిగింది. మొద్దు పూర్తిగా మట్టయిపోయింది. అది ఉన్నచోటు మాత్రం ఖాళీగా ఉండిపోయింది."

అత్తయ్యగారు ఫోను దగ్గరగా పట్టుకుని చూశారు. "అంటే మొద్దు ఎంత లావుండేదో ఇప్పటికీ తెలుస్తుందన్నమాట" అన్నారు. ఫోను నాకిచ్చి బాల్కనీలోకి వెళ్ళి కుండలు కదపడం మొదలుపెట్టారు. ఆ పూట మేం ఎవరం ఆవిణ్ణి కదిలించలేదు.

జూన్‌లో మొదటి కుండ దించాం. జల్లెడ పడితే నాలుగు కిలోల దాకా వచ్చింది. నల్లగా, వాన పడ్డ మట్టి వాసన. అందులో ఒక టమాటా గింజ దానంతటదే మొలిచి ఉంటే తీసి వేరే తొట్టిలో పెట్టాం. వాట్సాప్‌లో రాసిన పక్క ఫ్లాట్ ఆవిడ కరివేపాకు మొక్కకి కావాలని డబ్బా పట్టుకుని వచ్చింది. నాకైతే ఏదో ఒక మాట అనాలనే ఉంది. అత్తయ్యగారు డబ్బా నిండా పోసి, "మొదట్లో తగలకుండా చుట్టూ వెయ్యమ్మా" అని చెప్పి పంపారు.

మొన్న వంటింట్లో బీరకాయలు చెక్కుతున్నాను. బాల్కనీలోంచి కేక వినిపించింది.

"అమ్మాయ్, ఆ తొక్కలు అక్కడే పెట్టుకు కూర్చున్నావేం? ఇలా పట్రా. వచ్చేటప్పుడు ఆకుల సంచి కూడా తే!"

పరిగెత్తుకెళ్ళి ఇచ్చాను.